షెడ్డులో అంబాసిడర్, తలో రకం బేరం

కోనసీమ నుంచి ఒక టీచరు గారు రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి చెబుతాను.

వాళ్ల తాతగారికి రైసు మిల్లు ఉండేది. 1968లో ఆయన తెల్ల అంబాసిడర్, మార్క్ టూ కొన్నారు. రిజిస్ట్రేషన్ కాకినాడలో జరిగింది. 1984లో పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఈవిడ నాన్నగారు అందులో డీజిల్ ఇంజను పెట్టించారు. తీసేసిన పెట్రోలు ఇంజను మిల్లు గోదాములో గోనెసంచుల కింద ఇప్పటికీ ఉంది. 1986 వరదకి పెరట్లోకి నీళ్లొచ్చాయి కానీ కారుని ముందే మిల్లు ప్లాట్‌ఫాం మీదకి ఎక్కించడంతో బతికిపోయింది. 1996 నవంబరు తుపానుకి మాత్రం షెడ్డు మీద కొబ్బరిచెట్టు పడి, కారు టాపు కుడివైపు సొట్టపోయింది. రాజమండ్రిలో బాగుచేయించారు. తాతగారు 1991లో వీలునామా రాయకుండానే పోయారు, కొన్నేళ్లకి నాయనమ్మ కూడా పోయారు. సీ బుక్కు, అంటే కారు రిజిస్ట్రేషన్ పుస్తకం, ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. 2018 దాకా కారు నడిచింది. నాన్నగారు పోయి మూడేళ్లయింది. 2018 నుంచి కారు షెడ్డులోనే ఉంది.

అమ్మగారు సంక్రాంతికల్లా షెడ్డు ఖాళీ చేయమంటున్నారు. కొంటామంటూ నలుగురూ నాలుగు మాటలు చెబుతున్నారు. రావులపాలెం బ్రోకరు కారుకి 60,000, గోదాములో ఇంజనుకి విడిగా 15,000 ఇస్తానన్నాడు. పాలకొల్లు దగ్గర ఫంక్షన్ హాలు నడుపుతున్న మేనత్త కొడుకు, అంటే బావ, లక్షన్నర ఇస్తానని, "ఇంట్లో వస్తువు బయటికెందుకు పోవాలి" అని అంటున్నారు. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోటోలు చూసి మూడున్నర లక్షలన్నారు, 20,000 టోకెన్ వేస్తాను, ఒరిజినల్ సీ బుక్కు కొరియర్ చేయండి అంటున్నారు. డీజిల్ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదట. రాజమండ్రిలో ఒక షెడ్డువాళ్లు నాలుగు లక్షలు పెట్టి టింకరింగ్, పెయింటింగ్ చేయిస్తే ఎనిమిదికి అమ్ముడవుతుందన్నారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు ఇంటర్నెట్‌లో తొమ్మిది లక్షల ప్రకటన చూసి, ఆరుకి తక్కువైతే అమ్మొద్దంటున్నాడు. చెల్లెలు ఏదైనా మ్యూజియంకి ఇచ్చేద్దామంటోంది. "ఏది న్యాయమైన ధర? బావకి కాదంటే అత్తయ్యతో మాటలు పోతాయేమో. ఇచ్చేస్తే తమ్ముడు జీవితాంతం దెప్పుతాడు." ఇదీ ఆవిడ బాధ.

మేడమ్, మీ ఉత్తరంలో ధర గురించి నాలుగు పేజీలున్నాయి, కాగితాల గురించి నాలుగు లైన్లున్నాయి. నేను తిరగేసి మొదలుపెడతాను. ఆ కారు ఇవాళ్టికి అమ్మడానికి మీ చేతిలో లేదు. వచ్చినవాళ్లలో కాస్త తెలిసినవాడెవడైనా ముందు ఈ సంగతే పసిగడతాడు, పసిగట్టి ధర సగానికి కోస్తాడు.

తాతగారు వీలునామా లేకుండా పోయారు. ఆయన స్వార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుక్కీ కూతురికీ సమాన వాటాలు. నాయనమ్మగారి వాటా కూడా తర్వాత ఆ ఇద్దరు పిల్లలకే చేరింది. అంటే కారులో సగం మీ నాన్నగారిది, సగం మీ అత్తయ్యది. నాన్నగారి సగం మీ అమ్మగారికీ మీ ముగ్గురికీ నాలుగు వాటాలు. మీ ఒక్కరికి వచ్చేది ఎనిమిదో వంతు. ఆస్తి పంపకాల కాగితం ఏదైనా రాసుకుని ఉంటే అందులో కారు ప్రస్తావన ఉందేమో వెతకండి. ఉంటే లెక్క మారిపోతుంది. "అత్తయ్య అప్పుడే నాకేం వద్దంది" అని రాశారు. అనే ఉంటారు, మనస్ఫూర్తిగానే అని ఉంటారు. కానీ ఆ మాట ఆర్టీవో ఆఫీసులో చెల్లదు, అక్కడ ఆవిడ సంతకం కావాలి.

ఇప్పుడు ఇదే లెక్కతో మీకొచ్చిన బేరాలు చూడండి. మీ బావ ఇస్తానన్న లక్షన్నరలో సగం వాళ్లమ్మగారిదే. అంటే మీ ఇంటికి వచ్చేది 75,000. ఆయనకి ఇది తెలిసి అడుగుతున్నారో, తెలియక అడుగుతున్నారో నాకు తెలీదు. తెలియకే అనుకోండి, ప్రాణానికి హాయి. ఇక తమ్ముడి సంగతి. మూడున్నరకి అమ్మితే అతని వాటా 43,750. ఆరుకి అమ్మితే 75,000. మధ్యలో తేడా 31,250 రూపాయలు. మీరిద్దరూ ఏడాదిగా ఫోన్లో పోట్లాడుకుంటున్నది ఈ మొత్తం మీద. కాగితం మీద రాసి వాట్సాప్‌లో పెట్టండి, పైన వ్యాఖ్య ఏమీ వద్దు. డల్లాస్‌లో కూర్చుని ధర చెప్పడం తేలికే, షెడ్డులో ఎలకల్ని తోలేది మీరు. అయితే అతను నిజంగా అడిగేది డబ్బు కాకపోవచ్చు. ఆ కారులో బడికెళ్లిన పిల్లాడు దాన్ని బ్రోకరు ముక్కలు చేస్తాడేమోనని భయపడుతూ ఉండొచ్చు. అదే అయితే మాట్లాడాల్సింది ధర గురించి కాదు, ఎవరి చేతిలో పెడుతున్నామన్న దాని గురించి. "కారు కారులాగే ఉంచేవాడికే ఇద్దాం" అని మీరు ముందే ఒప్పుకుంటే ఆరు లక్షల పట్టు తనే వదులుతాడని నా ఊహ.

కాబట్టి మొదట వెళ్లాల్సింది అత్తయ్య దగ్గరికి. బావ దగ్గరికి కాదు, ఫోన్లో కాదు, ధర మాట ఎత్తకుండా. "అత్తయ్యా, కారులో నీకు సగం ఉంది, నీ సంతకం లేకుండా మేమేమీ చేయలేం, ఏం చేద్దామంటావు" అని అడగండి. ఈ మాట మీ నోటి నుంచి ముందు వస్తే మర్యాద. ఆవిడ ఇంకెవరి నోటి నుంచో వింటే మాత్రం, మీరన్న ఆ మాటలు పోవడం అప్పుడు మొదలవుతుంది.

తర్వాత కాగితాలు. మీ నలుగురిలో ఒకరి పేరుకి కారు మారాలి. ఊళ్లో ఉన్నది మీరు కాబట్టి మీ పేరుకైతే తిరగడం తేలిక. తాతగారిదీ నాన్నగారిదీ మరణ ధ్రువపత్రాలు, సచివాలయంలో అప్లై చేసుకుంటే ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు, మిగతా వారసులు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు, ఫారం 31. తమ్ముడి సంతకం హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌లో చేయించి పంపమనండి, లేదా ఈసారి వచ్చినప్పుడు చేయించండి. యజమాని పోయాక మూడు నెలల్లోపు చేయాల్సిన పని ఇది. మీకు ముప్పయ్యేళ్లు దాటింది కాబట్టి ఆలస్యానికి ఏదో కట్టమంటారు, కట్టండి. పాత రిజిస్ట్రేషన్లు చాలావరకు కంప్యూటర్లో ఉండవు. ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. సీ బుక్కు అంచులు చెదలు తిన్నాయని రాశారు, నంబర్లు చదవడానికి వస్తున్నాయి కాబట్టి గండం గడిచినట్టే. ఇవాళే అన్ని పేజీలూ రంగుల్లో స్కాన్ చేయించి పెట్టుకోండి. ఈ పనంతా సంక్రాంతికి అవుతుందని నేను చెప్పను. అమ్మగారికి కావాల్సింది ఖాళీ షెడ్డు. కారుని మిల్లు గోదాములోకి, సిమెంటు నేల మీదకి మార్పించి, చక్రాలు తేలేటట్టు ఇటుకల మీద ఎత్తించి, బ్యాటరీ తీసేస్తే ఆవిడ పండగ ఆవిడకి దక్కుతుంది, మీకు తొందర తప్పుతుంది. తొందరలో ఉన్నవాడి దగ్గర కొనడం అంత చవక ఇంకోటి లేదని బ్రోకర్లందరికీ తెలుసు.

ఇక ఆ గోదాములో ఇంజను. మీరు దాన్ని రెండు లైన్లలో రాసి వదిలేశారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

పాత ఇనుము కొనేవాడు నలభయ్యేళ్లుగా మూలనపడ్డ ఇంజనుకి విడిగా 15,000 ఇస్తానన్నాడంటే అది తూకం ధర కాదు. తూకానికి వేస్తే అందులో సగం కూడా రాదు. ఆ 1,489 సీసీ పెట్రోలు ఇంజను మీద ఉన్న నంబరూ, మీ సీ బుక్కులో 1968లో రాసిన నంబరూ ఒకటే అయితే, కారూ ఇంజనూ కాగితం మూడూ ఒక్కచోట ఉన్నట్టు. పాతకార్ల పిచ్చి ఉన్నవాళ్లు వెతుక్కునేది దీన్నే. అప్పట్లో పెట్రోలు అంబాసిడర్లకి డీజిల్ ఇంజన్లు పెట్టించుకోవడం మామూలే. తీసిన ఇంజన్లు చాలామంది అప్పుడే తూకానికి వేసేశారు. మీ నాన్నగారు దాచారు. ఎందుకు దాచారో గానీ, పుణ్యం చేసుకున్నారు. ఎవరు ఎంత ఇస్తానన్నా దాన్ని విడిగా అమ్మొద్దు. దాన్ని తీసేశాక కారు ధర 15,000తో ఆగదు, ఇంకా చాలా కిందికి పడుతుంది.

దీనికి చట్టం వైపు ఇంకో ముడి ఉంది. డీజిల్‌కి మార్చినట్టు సీ బుక్కులో ఎక్కించారా లేదా అన్నది చూడండి. ఎక్కించి ఉంటే సరే. ఎక్కించకపోతే కారులో ఉన్న ఇంజనుకీ కాగితానికీ పొంతన లేదు. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి నంబరు చూస్తే కథ అక్కడే ఆగుతుంది. అప్పుడు పెట్రోలు ఇంజను వెనక్కి బిగించడమే సూటి దారి అవుతుంది.

2021 జులైలో కేంద్రం పాతకార్ల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండిని వింటేజ్ బండిగా నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. పాత నంబరు ఉన్న బండికి ఆ నంబరు అలాగే ఉంచుకునే వీలుంది. 1989కి ముందున్న ఆ మూడక్షరాల నంబరు అంటే కొనేవాళ్లకి ఎంత మోజో మీకు ఫోన్లు రావడం మొదలయ్యాక తెలుస్తుంది. కానీ ఇలా నమోదైన బండిని రోజువారీ తిరగడానికి గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు కొట్టించుకోవడం, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కాలి. మీ కారుకి వయసు సరిపోయింది. డీజిల్ ఇంజను ఉన్నంతకాలం మాత్రం ఈ దారి మూసుకున్నట్టే. మామూలు దారిలో అయితే ఐదేళ్లకోసారి రెన్యూవల్, ఫిట్‌నెస్ చూపించాలి. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకి రెన్యూవల్ ఫీజుని 2025 ఆగస్టులో 10,000 చేశారు.

అలాగని ఇంజను మీరే బిగించాలా? నేనైతే బిగించను. దాన్ని బయటికి తీయించి, దుమ్ము తుడిపించి, నంబరు కనపడేలా ఫోటో తీయించి, కారు పక్కన పెట్టండి. ఒక మంచి పాత మెకానిక్‌కి ఫీజు ఇచ్చి, తిరుగుతుందా పట్టేసిందా అన్నది చూపించండి. కొనే ఉద్దేశం లేని మెకానిక్ అయి ఉండాలి, అది ముఖ్యం. తిరుగుతుందో లేదో చూడాలని పానాతో బలవంతం చేయనివ్వకండి. ముందు సిలిండర్లలో ఆయిల్ పోసి కొన్నాళ్లు నాననివ్వాలి. బిగించడం, ట్యూన్ చేయడం కొన్నవాడి సరదా. ఆ సరదా కోసమే వాళ్లు డబ్బిచ్చేది.

రాజమండ్రి షెడ్డువాళ్ల నాలుగు లక్షల సలహా గురించి చెప్పనా? వద్దు. అమ్మడానికి ముందు పెయింటు వేయించినవాడు పెట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం అరుదు. అంబాసిడర్‌కి లారీలాగా విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, ఆ రేకు బాడీయే కారుని మోసేది. అందుకే కొనేవాడి భయమంతా తుప్పు గురించి. అదీ మన గోదావరి తడిలో, మట్టి నేల షెడ్డులో ఉన్న కారంటే ఇంకాను. కొత్త పెయింటు కనపడగానే దాని కింద ఎంత పుట్టీ ఉందోనని అయస్కాంతం తీసుకుని కారంతా తడుముతాడు. రంగు వెలిసిన కారు నిజం చెబుతుంది. కడిగించండి, సీట్ల కింద చెత్త తీయించండి, ఎలకలు కొరికిన వైరింగ్ ఎక్కడెక్కడో రాసిపెట్టండి. అంతవరకు చాలు. ఆ ఎనిమిది లక్షల లెక్కలో తేలికైన పని షెడ్డువాళ్లది, నాలుగు ముందే చేతికొస్తాయి. ఎనిమిదికి కొనేవాణ్ణి వెతుక్కునే పని మీది.

ఇప్పుడు ధర. కోనసీమ మనిషికి ఇది నేను చెప్పక్కర్లేదు: కొబ్బరికాయకి దింపు దగ్గర ఒక రేటు, అంబాజీపేట మార్కెట్లో ఒక రేటు, తిరుపతిలో కొట్టుకునే దగ్గర ఇంకో రేటు. మీకొచ్చిన ధరలూ అలాంటివే, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు చెప్పారు. బ్రోకరుది విడిభాగాల లెక్క. మార్క్ టూ గ్రిల్లు, హబ్‌క్యాపులు, మీటరు బోర్డు, అద్దాలు విడివిడిగా అమ్ముకుంటాడు. అతను మోసగాడని నేననను, అతని వ్యాపారం అది. కానీ అతనిది మీకు అడుగు ధర, అంతకంటే కిందికి ఎవరూ అడగలేరు. తొమ్మిది లక్షల ప్రకటన అడిగిన ధర, వచ్చిన ధర కాదు. అదే ప్రకటన నెలల తరబడి అలాగే ఉంటే ఆ ధరకి ఎవరూ కొనలేదనేగా అర్థం. తమ్ముడికే ఒక పని అప్పగించండి. 1962 నుంచి 1975 మధ్య వచ్చిన మార్క్ టూ అంబాసిడర్ల ప్రకటనలు వెతికి, కొనేవాడిలా ఫోన్ చేసి, "ఆఖరి మాట ఎంత, కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి, ఇంజను అసలుదేనా" అని అడగమనండి. 1980ల తర్వాతి అంబాసిడర్లతో పోల్చొద్దు. తయారీ 2014 దాకా సాగింది కాబట్టి అవి బోలెడున్నాయి, వాటి ధరలు మీకు పనికిరావు. ఓ పది ఫోన్లు చేశాక అతని ఆరు లక్షలు ఎక్కడ నిలబడుతుందో అతనికే తెలుస్తుంది. మీరు చెబితే వినడు.

ఆ ధరల్లోంచి వెనక్కి లెక్క కట్టండి. మాటవరసకి, పెట్రోలు ఇంజనుతో నడుస్తూ, కాగితాలన్నీ సరిగ్గా ఉన్న మార్క్ టూ ఆరుకి తెగుతోందనుకుందాం. మీ కారుని ఆ స్థితికి తేవడానికి ఇంజను, బ్రేకులు, వైరింగ్, టైర్లు, తుప్పు పనికి రెండున్నర అవుతుందని మీరు ఫీజిచ్చిన మెకానిక్ చెప్పాడనుకుందాం. కొనేవాడు తన శ్రమకీ, బయటపడబోయే తెలియని లోపాలకీ ఇంకో అర లక్ష తగ్గించుకుంటాడు. మిగిలింది మూడు. అంకెలు మీ విచారణలో మారతాయి, లెక్క పద్ధతి ఇదే. కాగితాలు సరిగ్గా లేకపోతే ఈ మూడు కూడా రాదు.

హైదరాబాద్ ఆయనకి డీజిల్ సంగతి ఇవాళే చెప్పండి. మూడున్నర అన్నది పెట్రోలు కారనుకుని అన్న ధర. చెప్పకుండా దాచి, ఆయన ట్రైలరు వేసుకొచ్చాక బానెట్ ఎత్తి చూస్తే, మీ వాకిట్లో నిలబడి సగానికి అడుగుతారు. అప్పుడు మీ దగ్గర జవాబుండదు. గోదాము ఇంజను నంబరు ఫోటోతో కలిపి చెబితే, నిజమైన అభిరుచి ఉన్న మనిషైతే ఇంకా హుషారవుతారు. టాపు మీద కొబ్బరిచెట్టు పడిన సంగతి కూడా చెప్పండి. 1986 వరద సంగతి కూడా, కారు ఎందుకు తడవలేదో చెప్పండి. గోదావరి జిల్లా కారంటే ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. అప్పటి ఫోటో ఏదైనా ఆల్బంలో ఉంటే బంగారం. కొన్న రసీదు, బుకింగ్ కాగితం, పాత ఇన్సూరెన్సులు, సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటించే పంటు మీద కారు పక్కన తాతగారు నిలబడ్డ ఫోటో అన్నారే, అదీ పనికొస్తుంది. ఒక్క కుటుంబం చేతిలోనే ఉన్న కారని చెప్పడానికి అవి సాక్ష్యం.

ఒరిజినల్ సీ బుక్కు కొరియర్ మాత్రం చేయకండి. ఎవరికీ, ఎంత పెద్దమనిషికైనా సరే. కావాలంటే వచ్చి చూసుకుంటారు. ఛాసిస్ నంబరు, సీ బుక్కు ఫోటో బహిరంగ ప్రకటనల్లో పెట్టొద్దు. టోకెన్ తీసుకుంటే, ఎన్ని రోజులకి కారు ఆపుతున్నారో, బేరం తెగకపోతే ఎంత తిరిగిస్తారో రెండు లైన్లు రాసుకోండి. వారసత్వ కాగితాలు పూర్తయ్యేదాకా అసలు టోకెన్ తీసుకోకపోవడమే నయం. ఇంకోటి: డబ్బు పంపిస్తున్నాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే ఫోన్ పెట్టేయండి. మనకి డబ్బు రావడానికి మన పిన్ అక్కర్లేదు.

ఆయన ఒక్కరినే నమ్ముకుని కూర్చోకండి కూడా. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరుల్లో పాతకార్ల వాళ్లున్నారు, కేరళలో అంబాసిడర్ అంటే పడిచచ్చేవాళ్లున్నారు. ర్యాలీలు జరిపే క్లబ్బుల్లో ఒక్కరికి కబురందితే పదిమందికి పాకుతుంది. వాళ్లకి కారు మీద ప్రేమ ఎక్కువే, బేరంలో మాత్రం గట్టివాళ్లు, కారులో వాళ్ల కంటికి చిక్కని లోపం ఉండదు. పరాయి రాష్ట్రానికి వెళ్తే ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తీసుకోవాలి, పని కాస్త పెరుగుతుంది. సినిమా ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్లు కూడా కొంటారు, అయితే వాళ్లకి కావాల్సింది కెమెరాకి కనపడే పైరేకు. ఇంజను నంబరుకి వాళ్లు పైసా ఇవ్వరు. మ్యూజియం ఆలోచన బాగుంది, కానీ మామూలు అంబాసిడర్‌ని డబ్బిచ్చి కొనే మ్యూజియంలు తక్కువ. ఉచితంగా ఇద్దామంటే అది అత్తయ్య సగం కూడా ఇచ్చేయడం అవుతుంది.

బావ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే ఆయనకి కాదని చెప్పాల్సిన అవసరమే రాకపోవచ్చు. బయటి నుంచి రాతపూర్వకంగా ఒక గట్టి ఆఫర్ వచ్చాక, అత్తయ్య ముందే ఆయనకి చూపించి, "బావా, ఇదే ధరకి ముందు నీకే" అనండి. ఉదాహరణకి మూడు లక్షలయితే, వాళ్లమ్మగారి సగం పోగా ఆయన మీకు కట్టేది లక్షన్నర. ఆయన మొదట అన్న అంకే అది! మీకు రెట్టింపు, ఆయన జేబుకి అంతే, కారు కుటుంబంలోనే. ఆ అంకెకి కూడా వెనక్కి తగ్గితే, ఇంట్లో వస్తువు మీద మమకారం ఎంతుందో అందరికీ తెలిసిపోతుంది, మీరు నోరు తెరవక్కర్లేదు. చనువు కొద్దీ ఒక పాతిక వేలు తగ్గించాలనిపిస్తే తగ్గించండి, కానీ మిగతా ముగ్గురినీ అడిగి. ఒకటి మాత్రం ఆయనకి ముందే చెప్పాలి. పెళ్లి ఫోటోషూట్లకి అద్దెకి తిప్పాలనుకుంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ పనికిరాదు, అది వ్యాపారం కిందికొస్తుంది. హాలు ముందు బొమ్మలా నిలబెట్టుకోవడానికైతే రోడ్డు గొడవ లేదు. అయినా సరే, పేరు మార్పు మాత్రం జరిగి తీరాలి. "మనవాళ్లమే కదా, తర్వాత చూద్దాం" అన్న కార్లే ముప్పయ్యేళ్లు తాతగారి పేరు మీద ఉండిపోతాయి.

అసలు అమ్మకుండా ఉంచుకునే దారి కూడా ఉంది. తమ్ముడికి అంత ఇష్టమైతే మిగతా ఏడు వాటాలు కొనుక్కుని, గోదాము అద్దె, ఏడాదికోసారి మెకానిక్ ఖర్చు తను పెట్టుకోవాలి. ఆ లెక్క పంపి నెలరోజులు గడువివ్వండి. జవాబు రాకపోతే అదే జవాబు.

డబ్బు విషయం చిన్నదే. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే మామూలుగా క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. కానీ రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడుతుంది. బ్యాంకులో వేయించుకుని, అక్కడి నుంచే వాటాలు పంపండి, ఎవరికీ అనుమానం ఉండదు.

కారు ఇచ్చే రోజు అమ్మకం, పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాక తేదీ, టైము వేసి డెలివరీ కాగితం రాయించుకోండి. కొన్నవాడి ఆధార్ కాపీ పెట్టుకోండి. కొన్నది మన రాష్ట్రం వాళ్లయితే 14 రోజుల్లో, బయటివాళ్లయితే 45 రోజుల్లో మీరు కూడా ఆర్టీవోకి తెలియజేయాలి, కొన్నవాడి మీద వదిలేయకూడదు. వింటేజ్ రిజిస్ట్రేషన్ అయ్యాక అమ్మితే ఆ గడువు 90 రోజులు. రికార్డులో పేరు ఎవరిదుంటే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ వీధిలోకి ట్రైలరు రాదని, కాలవ వంతెన ఇరుకని రాశారు కాబట్టి మెయిన్ రోడ్డు దాకా తోయడానికి నలుగురు మనుషుల్ని మాట్లాడి ఉంచండి. రవాణా ఖర్చు కొన్నవాడిది. గోదాములో ఇంజను కూడా అదే ట్రిప్పులో ఎక్కించేయండి, తర్వాత పంపుతామంటే అక్కడే ఉండిపోతుంది. ఇక బండి ఎక్కించాక డబ్బు వేస్తామనే మాటకి మాత్రం ఒప్పుకోకండి. ముందు మీ ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ రావాలి, ఆ తర్వాతే చక్రాల కింద రాళ్లు తీయించండి.